పట్టికకు ముందు అడగాల్సిన ప్రశ్న



ఆచార్య కల్యంపూడి రాధాకృష్ణారావు గారి స్మృతిలో నాలుగు మాటలు చెప్పడానికి వచ్చాను. లోకానికి ఆయన సి.ఆర్. రావు. 1920 సెప్టెంబరు 10న అప్పటి బళ్లారి జిల్లా హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. ఎనిమిదో సంతానం కనుక కృష్ణుడి పేరు పెట్టారు. తండ్రిగారిది పోలీసు ఉద్యోగం. బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామ బడుల్లో చదువు సాగి, చివరికి విశాఖపట్నం చేరింది. తల్లి లక్ష్మీకాంతమ్మ గారు తెల్లవారుజామున నాలుగింటికే లేపి, నూనె దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేవారని ఆయనే తన పుస్తకం అంకితంలో తలుచుకున్నారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. పూర్తిచేసి, 1941లో కలకత్తాలో మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 1945లో, పాతికేళ్ల వయసులో, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక వ్యాసం ప్రచురించారు. క్రామర్–రావు అసమీకరణం, రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ ఆ ఒక్క వ్యాసంలోవే. 2001లో పద్మవిభూషణ్, 2023లో సాంఖ్యక శాస్త్ర అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. ఆ ఏడాది ఆగస్టు 22న, నూటమూడో పుట్టినరోజు ఇంకా రాకముందే, కన్నుమూశారు.

ఇంత పెద్ద గణితవేత్త పేరిట జరిగే సభలో నేను డిగ్రీ మొదటి సంవత్సరం పాఠాలు ఎత్తుకోవడం కొందరికి వింతగా ఉండవచ్చు. కానీ రావు గారు సిద్ధాంతాలతో పాటు అంకెల పుట్టుపూర్వోత్తరాలను కూడా అంతే శ్రద్ధగా పట్టించుకున్నారు. ఆ రెండో గుణమే మన తరగతి గదుల్లోకి రాలేదు. మన పాఠ్యపుస్తకంలో సహసంబంధం ఒక అధ్యాయం, ప్రతిగమనం ఇంకొకటి. శాంపిల్ ఎక్కడో చివర్లో, పరీక్షలు దగ్గరపడ్డాక, హడావుడిగా ముగించేది. లెక్క ఇచ్చేటప్పుడు పట్టిక సిద్ధంగా ఇస్తాం. విద్యార్థి సూత్రంలో వేసి, నాలుగు దశాంశ స్థానాల వరకు జవాబు రాస్తాడు. ఆ పట్టిక ఎలా పుట్టిందని అతడూ అడగడు, మనమూ చెప్పం. నేను ఈ రోజు వాదించబోయేది ఒక్కటే: శాంపిల్ ఎలా తీశారో తెలియకుండా సహసంబంధ గుణకానికి గానీ, ప్రతిగమన రేఖకు గానీ అర్థం చెప్పలేం. కాబట్టి చివరి అధ్యాయం మొదటిది కావాలి.

1. అంకె ఎవరి చేతి నుంచి వచ్చింది?

రావు గారు తన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ పుస్తకంలో 1947 నాటి సంగతి ఒకటి చెప్పారు. దేశ విభజన అల్లర్ల రోజుల్లో ఢిల్లీ ఎర్రకోటలో పెద్ద సంఖ్యలో జనం తలదాచుకున్నారు. వాళ్లకు భోజనాలు పెట్టే పని ప్రభుత్వం కాంట్రాక్టర్లకు అప్పగించింది. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు, లోపలికి వెళ్లి లెక్కపెట్టే పరిస్థితీ లేదు. కాంట్రాక్టర్లు పంపిన బిల్లులే ఆధారం. సాంఖ్యక శాస్త్రవేత్తలను పిలిస్తే వారిలో జె.ఎం. సేన్‌గుప్తా గారు ఆ బిల్లులతోనే దారి కనిపెట్టారు. మనిషి రోజుకు ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎంత ఉప్పు తింటాడో వినియోగ సర్వేల వల్ల తెలుసు. బిల్లులోని మొత్తాన్ని తలసరి వాడకంతో భాగిస్తే జనసంఖ్య రావాలి. మూడు సరుకులకూ మూడు సంఖ్యలు వచ్చాయి. బియ్యం లెక్కన అన్నిటికన్నా ఎక్కువ, ఉప్పు లెక్కన అన్నిటికన్నా తక్కువ. ఆయన ఉప్పు లెక్కనే నమ్మారు. ఉప్పు చవక, దాన్ని పెంచి రాస్తే కాంట్రాక్టరుకు మిగిలేది ఏమీ లేదు. బియ్యం ఖరీదైనది, పెంచి రాస్తే లాభం.

ఇందులో చేసిన గణితం ఒక్క భాగహారం, ఐదో తరగతి పిల్లవాడు చేయగలడు. సాంఖ్యక శాస్త్రం అంతా ఏ అంకెకు అబద్ధం చెప్పాల్సిన అవసరం ఉంది, దేనికి లేదు అని విచారించడంలో ఉంది. ఆ విచారణ భాగహారానికి ముందు జరిగింది.

2. ఎవరిని అడిగాం?

ఎవరూ అబద్ధం చెప్పకపోయినా అంకెలు తప్పుదారి పట్టించగలవు. దీనికి రావు గారే ఒక చక్కటి ప్రయోగం చేశారు. ఉపన్యాసాలకు వెళ్లిన చోటల్లా, కలకత్తా, ఢిల్లీ, హైదరాబాదు, వాల్తేరు, తిరుపతి ఇలా ఎన్నో ఊళ్లలో, మగ విద్యార్థులను ఒక చిన్న ప్రశ్న అడిగేవారు: మీతో కలిపి మీ ఇంట్లో అన్నదమ్ములు ఎందరు, అక్కచెల్లెళ్లు ఎందరు? అన్నీ కూడితే మగపిల్లల సంఖ్య ఆడపిల్లల సంఖ్య కన్నా బాగా ఎక్కువ వచ్చేది. అలా వస్తుందని ఆయనకు ముందే తెలుసు. 1977లో ‘అమెరికన్ స్టాటిస్టీషియన్’ పత్రికలో దీని గురించి రాశారు.

విద్యార్థులు ఒక కాగితం తీసుకోండి, ఇక్కడే చూద్దాం. సులువుగా ఉండటానికి ప్రతి ఇంట్లో ఇద్దరేసి పిల్లలు అనుకుందాం. అబ్బాయి పుట్టే అవకాశం సగం, అమ్మాయి పుట్టే అవకాశం సగం. అప్పుడు నాలుగు రకాల ఇళ్లు సమానంగా ఉంటాయి: ఇద్దరూ అబ్బాయిలు, అబ్బాయి తర్వాత అమ్మాయి, అమ్మాయి తర్వాత అబ్బాయి, ఇద్దరూ అమ్మాయిలు. ఈ నాలుగు ఇళ్లలో ఉన్న అబ్బాయిలందరినీ ప్రశ్న అడగండి. మొదటి ఇంటి నుంచి ఇద్దరు జవాబిస్తారు, ఇద్దరూ ‘మగ 2, ఆడ 0’ అంటారు. రెండో, మూడో ఇళ్ల నుంచి ఒక్కొక్కరు, ‘మగ 1, ఆడ 1’ అంటారు. నాలుగో ఇల్లు మన లెక్కలోకే రాదు, అక్కడ అడగడానికి అబ్బాయి లేడు. నలుగురి జవాబులూ కూడితే మగ 6, ఆడ 2. నూటికి డెబ్బై అయిదు మంది మగపిల్లలే! దేశంలో ఆడపిల్లలు తగ్గిపోయారని రేపు ఎవరైనా వార్త రాస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. కానీ ఆ నాలుగు ఇళ్లలో నిజంగా ఉన్నది నలుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు.

దిద్దుబాటు కూడా రావు గారు చూపించారు. జవాబిచ్చిన ప్రతి అబ్బాయినీ మొత్తంలోంచి తీసేయండి. 6 లోంచి 4 పోతే 2. మొత్తం 8 లోంచి 4 పోతే 4. రెండు బై నాలుగు, సరిగ్గా సగం. శాంపిల్ ఎలా తీశామో తెలిసినందువల్ల ఈ దిద్దుబాటు కుదిరింది. ఆ ‘మగ 6, ఆడ 2’ పట్టిక మాత్రమే చేతికి ఇచ్చి ఉంటే ఎంత తెలివైనవాడైనా దాన్ని సరిచేయలేడు.

3. ఎక్కడ కొలిచాం?

ఇప్పుడు పొలానికి వెళదాం. వరి దిగుబడి అంచనాకు మన రాష్ట్రాల్లో పంటకోత ప్రయోగాలు జరుగుతాయి. ఊళ్లో ఏ సర్వే నంబరు, అందులో ఏ మడి అన్నది యాదృచ్ఛిక సంఖ్యలే తేలుస్తాయి. మడికి నైరుతి మూలలో నిలబడి, యాదృచ్ఛిక సంఖ్య చెప్పినంత దూరం పొడవునా, వెడల్పునా నడిచి, అక్కడ అయిదు మీటర్ల చదరం గుర్తిస్తారు. నాలుగు మూలలా మేకులు కొట్టి తాడు బిగించి, లోపలి పైరు కోసి, నూర్చి, తూకం వేస్తారు. పంటల బీమా పరిహారం ఈ తూకం మీద ఆధారపడుతుంది.

ఆ చదరం వైశాల్యం 25 చదరపు మీటర్లు. హెక్టారు అంటే 10,000 చదరపు మీటర్లు, అంటే దానికి 400 రెట్లు. కాబట్టి తూకంలో ఒక్క కిలో తేడా వస్తే హెక్టారుకు 400 కిలోలు, ఎకరానికి సుమారు 162 కిలోలు తేడా. 75 కిలోల బస్తాల్లో చెప్పాలంటే ఎకరానికి రెండు బస్తాల పైచిలుకు. ఇక తాడు దగ్గరికి రండి. తాడు మీద నిలబడ్డ దుబ్బు లోపలిదా, బయటిదా? కోసేవాళ్లు దాన్ని లోపలికి లాక్కోవడం సహజం. అలా నాలుగు పక్కలా పది సెంటీమీటర్ల చొప్పున బయటికి జరిగితే, 5 మీటర్ల భుజం 5.2 అవుతుంది. వైశాల్యం 27.04. దిగుబడి ఎనిమిది శాతం ఎక్కువ కనిపిస్తుంది. అదే రెండు మీటర్ల చదరమైతే 4 కాస్తా 4.84 అవుతుంది, ఇరవై ఒక్క శాతం ఎక్కువ. చదరం చిన్నదయ్యే కొద్దీ అంచు వాటా పెరుగుతుంది. 1940లలో సాంఖ్యక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే గారు చిన్న కోత చదరాలు దిగుబడిని పెంచి చూపిస్తాయని హెచ్చరించడానికి కారణం ఇదే.

ఈ ఎనిమిది శాతం తప్పు పది మడులు కోసినా ఉంటుంది, పదివేల మడులు కోసినా ఉంటుంది. విద్యార్థులు గట్టిగా పట్టుకోవాల్సిన భేదం ఇది. శాంపిల్ పెంచితే తగ్గేది యాదృచ్ఛిక దోషం మాత్రమే. వెయ్యి మందిని యాదృచ్ఛికంగా ఎంచుకుంటే శాతం అంచనాలో తేడా దాదాపు నూటికి మూడు పాళ్లు అటూ ఇటూ ఉంటుంది, నాలుగు వేల మందిని తీసుకుంటే అందులో సగం. అవతల ఉన్న జనం కోటి అయినా, నూట నలభై కోట్లయినా ఈ లెక్క దాదాపు మారదు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు చాలు అంటారు మన పెద్దలు. కుండంతా ఒకే మంట మీద ఉంది కాబట్టి అది చెల్లింది. జనం అలా ఒకే తీరుగా ఉండరు, అందుకే చీటీ వేసి ఎంచుకోవాలి. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు లిటరరీ డైజెస్ట్ పత్రిక సుమారు కోటి మందికి కార్డులు పంపి, తిరిగొచ్చిన ఇరవై లక్షలకు పైగా జవాబులతో లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. రూజ్‌వెల్ట్ అరవై శాతానికి పైగా ఓట్లతో గెలిచాడు. అన్ని లక్షల జవాబులు కూడా ఎంపికలోని తప్పును కడగలేకపోయాయి.

4. సహసంబంధం: ఎవరి మధ్య?

ఇప్పుడు మన అసలు అధ్యాయాలకు వద్దాం. సహసంబంధ గుణకం మైనస్ 1 నుంచి 1 వరకు ఉంటుందని, చుక్కలు సరళరేఖకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెబుతుందని మీకు తెలుసు. బొమ్మ గీయకుండా దాన్ని లెక్కించకూడదని కూడా తెలుసుకోవాలి. 1973లో సాంఖ్యక శాస్త్రవేత్త ఆన్‌స్కోంబ్ పదకొండేసి బిందువుల నాలుగు పట్టికలు తయారుచేశాడు. నాలుగింటికీ సగటులు ఒకటే, గుణకం దాదాపు 0.816, ప్రతిగమన రేఖ ఒకటే. గీసి చూస్తే ఒకటి మామూలు చుక్కల గుంపు, ఒకటి వంపు గీత, ఒకదాంట్లో ఒక్క చుక్క దారి తప్పింది, ఇంకోదాంట్లో దూరంగా ఉన్న ఒక్క చుక్కే మొత్తం సంబంధాన్ని మోస్తోంది.

అంతకన్నా లోతైన సంగతి, గుణకం శాంపిల్‌ను బట్టి మారుతుంది. ప్రవేశ పరీక్ష మార్కులకూ, ఆ తర్వాత కాలేజీ మార్కులకూ సంబంధం లేదని తరచు వింటాం. పరీక్ష రాసిన వాళ్లందరికీ సీట్లు ఇస్తే గుణకం 0.6 వచ్చేదనుకోండి. రెండు మార్కులూ సాధారణ విభాజనంలో ఉంటే, పై సగం మందికే సీట్లు ఇచ్చినప్పుడు చేరినవాళ్లలో గుణకం 0.41కి పడిపోతుంది. పై పది శాతానికే ఇస్తే దాదాపు 0.3. పరీక్ష మారలేదు, పిల్లలు మారలేదు, కాలేజీ మారలేదు. మనం చూసే కిటికీ ఇరుకైంది. చేరిన వాళ్ల మార్కులు మాత్రమే చూసి ప్రవేశ పరీక్ష పనికిరాదనడం శాంపిల్‌ను మరిచిపోయి చెప్పిన తీర్పు.

మూడో చిక్కు, ఏ స్థాయిలో కొలిచాం అన్నది. 1950లో సామాజిక శాస్త్రవేత్త రాబిన్‌సన్ అమెరికా 1930 జనగణన తీసుకున్నాడు. 48 రాష్ట్రాల శాతాలతో చూస్తే, విదేశాల్లో పుట్టినవాళ్లు ఎక్కువున్న రాష్ట్రాల్లో నిరక్షరాస్యత తక్కువ: గుణకం మైనస్ 0.53. మనిషి మనిషినీ లెక్కిస్తే ప్లస్ 0.12. వలస వచ్చినవాళ్లలో నిరక్షరాస్యులు కాస్త ఎక్కువే, కానీ వాళ్లు స్థిరపడింది అప్పటికే చదువు ఎక్కువున్న రాష్ట్రాల్లో. గుర్తే తారుమారైంది. మన పత్రికల్లో జిల్లాల వారీ అంకెలు చూసి కుటుంబాల గురించి తీర్మానించే ముందు ఈ ఉదాహరణ తలుచుకోవాలి.

5. ప్రతిగమనం: ఎటు నుంచి ఎటు?

ప్రతిగమనం ఆంగ్ల శాస్త్రవేత్త గాల్టన్ నుంచి వచ్చింది. 1886లో 205 దంపతుల, వారి 928 మంది పెద్దయిన సంతానం ఎత్తులు పరిశీలించాడు. మరీ పొడుగు తల్లిదండ్రుల పిల్లలు సగటు కన్నా పొడుగే, కానీ తల్లిదండ్రులంత కాదు. తర్వాత 1903లో పియర్సన్, ఆలిస్ లీ 1,078 తండ్రీకొడుకుల జతలు ప్రచురించారు. సుమారు అంకెల్లో తండ్రుల సగటు 68 అంగుళాలు, కొడుకులది 69, రెండింటికీ క్రమ విచలనం 2.7, గుణకం 0.5.

లెక్క: తండ్రి 72 అంగుళాలైతే కొడుకు ఎత్తు అంచనా ఎంత? తండ్రి సగటు కన్నా 4 ఎక్కువ, అందులో సగం 2, కాబట్టి 71. ఇది అందరూ చేస్తారు. ఇప్పుడు తిప్పి అడుగుతాను: కొడుకు 73 అంగుళాలు, తండ్రి ఎత్తు అంచనా ఎంత? చాలామంది అదే సమీకరణాన్ని తిరగేసి 76 అంటారు. సరైన జవాబు 70. కొడుకు 4 ఎక్కువ, అందులో సగం 2, తండ్రుల సగటు 68కి కలిపితే 70. రెండు రేఖలు వేరువేరు. మొదటి ప్రశ్నలో 72 అంగుళాల తండ్రులందరినీ ఒకచోట నిలబెట్టాం, రెండోదాంట్లో 73 అంగుళాల కొడుకులందరినీ. ఎవరిని పిలిచి నిలబెట్టామన్నదే ఇక్కడా తేల్చింది.

ఇందాక ప్రవేశ పరీక్ష గురించి చెప్పినదానికి ఇక్కడ ఒక అందమైన జత ఉంది. సంబంధం నిజంగా సరళరేఖైతే, ప్రవేశ పరీక్ష మార్కును బట్టి మనుషులను ఎంచుకున్నా, ఆ మార్కు నుంచి కాలేజీ మార్కును అంచనా వేసే రేఖ మారదు, వాలు అలాగే ఉంటుంది. గుణకం మాత్రం చిక్కిపోతుంది. అదే కాలేజీ మార్కును బట్టి ఎంచుకుంటే ఆ రేఖ కూడా వంకర పోతుంది. ఏ అంకెను నమ్మవచ్చో ఎంపిక పద్ధతి చెబుతుంది.

అధ్యాపక మిత్రులారా, ఇది మన ఉద్యోగానికి తగిలే విషయం. మొదటి పరీక్షలో 20 మార్కులు వచ్చిన పిల్లలను వేరుచేసి ప్రత్యేక తరగతులు పెడతాం. రెండు పరీక్షల్లోనూ సగటు 50, క్రమ విచలనం ఒకటే, వాటి మధ్య గుణకం 0.6 అనుకుందాం. వాళ్లు సగటు కన్నా 30 తక్కువ. రెండో పరీక్షలో అంచనా 18 తక్కువ, అంటే 32. మనం ఒక్క గంట పాఠం చెప్పకపోయినా సగటున 12 మార్కులు పెరుగుతాయి. మొదటిసారి 90 తెచ్చుకున్నవాళ్లకు అంచనా 74. వాళ్లకు పొగరు తలకెక్కిందనో, దిష్టి తగిలిందనో అంటాం. ప్రత్యేక తరగతులు మంచివే, నేను వాటికి వ్యతిరేకిని కాను. వాటి మేలు తెలియాలంటే ఆ పిల్లల్లోనే చీటీ వేసి, సగం మందికి రెండో పరీక్షకు ముందు, సగం మందికి ఆ పరీక్ష తర్వాత పెట్టి, ఆ పరీక్షలో రెండు గుంపులనూ పోల్చాలి. మొదటి గుంపుకు రెండో గుంపు కన్నా ఎంత ఎక్కువ పెరిగిందో అదే మన శ్రమ ఫలితం.

6. తరగతి గదిలో చేయాల్సింది

ఇంతదాకా చెప్పినవాటిలో ప్రతి చోటా సూత్రం సరైనదే. కూడికలు, వర్గమూలాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తప్పంతా పట్టిక తయారీలో, లేదా పట్టికను చదివే తీరులో ఉంది. ఇప్పుడు గుణకం, రేఖ సెకనులో లెక్కించే యంత్రం ప్రతి విద్యార్థి జేబులో ఉంది. కాబట్టి లెక్కింపు మీద పెట్టే సమయాన్ని ఎంపిక మీద పెట్టగలం, పెట్టాలి.

నావి మూడు ప్రతిపాదనలు. మొదటిది, శాంపిల్‌ను మొదటి యూనిట్ చేయండి. పాఠ్యప్రణాళిక మార్చడం మన చేతుల్లో లేకపోయినా, బోధించే వరుస చాలావరకు మన చేతుల్లోనే ఉంటుంది. రెండోది, పట్టిక ఉన్న ప్రతి లెక్క పైనా ఒక వాక్యం రాయండి: ఈ అంకెలు ఎవరి నుంచి, ఎలా ఎంచుకుని, ఎవరు కొలిచారు. ఆ వాక్యాన్ని బట్టి జవాబు ఎలా మారుతుందో రాసిన విద్యార్థికి మార్కులు ఇవ్వండి. అంకెలు కల్పితమైతే కల్పితమనే రాయండి, అందులో చిన్నతనం లేదు. మూడోది, ప్రతి విద్యార్థీ ఏడాదికి ఒక్క పట్టికైనా తానే తయారుచేయాలి. కాలేజీ హాజరు పట్టీలోంచి యాదృచ్ఛిక సంఖ్యలతో ముప్ఫై మందిని ఎంచుకుని, ఇంటి నుంచి కాలేజీకి దూరం, ప్రయాణానికి పట్టే సమయం అడిగితే చాలు. ఆ ముప్ఫై మందిలో ఇద్దరు ఆ రోజు రారు. ఒకరు దూరం తెలియదంటారు. ఇంకొకరు హాస్టల్లో ఉంటారు, వాళ్ల దూరం సున్నా. వాళ్లను వదిలేయాలా, వేరేవాళ్లను తీసుకోవాలా, మర్నాడు మళ్లీ వెళ్లాలా అని ఆ విద్యార్థి తేల్చుకోవాలి. ఆ నిర్ణయం గుణకాన్ని ఎటు జరుపుతుందో కూడా లెక్కకట్టి చూపించాలి. అది నేర్చుకున్నవాడు ఆ తర్వాత ఏ పత్రికలో ఏ సర్వే చదివినా తికమకపడడు.

రావు గారి సిద్ధాంతాలు అందరికీ అందకపోవచ్చు. ఆయన హైదరాబాదులో, వాల్తేరులో, తిరుపతిలో మామూలు విద్యార్థులను అడిగిన ‘మీ ఇంట్లో అన్నదమ్ములెందరు’ అన్న ప్రశ్న అందరికీ అందుతుంది. అలాంటి ప్రశ్నతో ఈ ఏడాది మీ తరగతి మొదలుపెట్టండి, వచ్చిన అంకెలను పిల్లల చేతనే దిద్దించండి.